ఫిల్మ్ నగర్‌లో పాడకుండా మిగిలిపోయిన నాలుగో భాగం

మా తమ్ముడు శ్రీకర్ గొంతుకు ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పిన వారంలోనే నేను విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరాను. స్వరపేటిక మీద కంతి. తీసేశాక మాట వస్తుందేమో కానీ పాట మీద ఆశ పెట్టుకోవద్దని ఆయన ముందే చెప్పేశారు. శ్రీకర్ ఒక రాక్ బ్యాండ్‌లో గాయకుడు. సినిమా పాటల జోలికి పోకుండా, ఒక కొండ కథను ఐదు భాగాల ఆల్బమ్‌గా రికార్డు చేయాలని బ్యాండ్‌లోని నలుగురూ మూడేళ్లుగా కష్టపడుతున్నారు. కొండ ఒంటరిగా ఉన్న కాలం, మనుషులు వచ్చిన కాలం, రాళ్లు పేల్చిన కాలం, ఈ మూడు భాగాలూ పూర్తయ్యాయి. నాలుగోది ఆ రాళ్లు కొట్టినవాళ్ల పాటలు. ఐదోది ఒకటే పెద్ద పాట, చివరికి మిగిలిన కొండ పాడుకునేది. ఆపరేషన్‌కు ముందు స్టూడియో ఒక్క రోజే దొరికింది. ఆ రోజు నాలుగో భాగం పాడాలని అనుకున్నారు. నేను వాడి పక్కన ఉండాలనుకున్నాను.

రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్. స్టేషన్ దగ్గరే మెట్రో ఎక్కి మధురానగర్‌లో దిగాను. శ్రీకర్ గది అక్కడే. వాడు జావ మాత్రం తాగాడు. మళ్లీ మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వరకు వెళ్లి, ఫిల్మ్ నగర్‌కు ఆటో మాట్లాడుకున్నాం.

"మీటర్ గిట్ల ఏం లేదు మేడం, నూట ఇర్వై ఇయ్యుండ్రి. ట్రాఫిక్ జూస్తున్నరు గదా" అన్నాడు డ్రైవర్. దారి చెబుతున్న శ్రీకర్ బొంగురు గొంతు విని అద్దంలోంచి చూశాడు. "అన్నకు సర్ది వట్టినట్టున్నది. మిరియాల పాలు తాగుండ్రి, రెండు దినాలల్ల సాఫ్ అయితది."

"సరే అన్నా" అన్నాడు శ్రీకర్. నేను రోడ్డువైపు తిరిగి కూర్చున్నాను.

స్టూడియో ఒక పాత మేడ కింది అంతస్తులో ఉంది. బయట బోర్డు కూడా లేదు. ఎక్కువగా డబ్బింగ్ పనులు చేస్తారట. సౌండ్ ఇంజనీర్ ప్రసూన గారు మైకులు సర్దుతున్నారు. డ్రమ్స్ వాయించే మహేందర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అతనిది షేక్‌పేట. తాత ఈ గుట్టల మీదే బండలు కొట్టాడు. నాలుగో భాగం పాటలన్నీ మహేందర్ రాసినవే.

హెడ్‌ఫోన్స్ అందుకుంటూ శ్రీకర్ అన్నాడు: "ఒరే మహీ, ఇవాళ నాలుగోది వద్దు. ఐదోది పాడేస్తాను."

మహేందర్‌కు వెంటనే అర్థం కాలేదు. "ఏందిరా? నాలుగోది ఇడిశిపెట్టి ఐదోది ఎట్ల జేస్తవ్?"

"నాకున్న గొంతు ఒక్కదానికే సరిపోతుందిరా. కథ ఎక్కడికి చేరుతుందో చెప్పకుండా ఆగిపోలేను."

"మరి మా తాత ముచ్చట?"

శ్రీకర్ తల దించుకున్నాడు. గిటార్లు పట్టుకున్న మిగతా ఇద్దరూ తీగలు సవరించుకుంటూ ఉండిపోయారు. మహేందర్ లేచి వెళ్లిపోతాడనుకున్నాను. చేతిలోని కర్రలు ఒకసారి చూసుకుని, "కానియ్యి మరి" అన్నాడు.

మొదటిసారి పాట మధ్యలో గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. రెండోసారి చివరిదాకా పాడాడు. పై స్వరానికి వెళ్లినప్పుడల్లా మెడ నరాలు ఉబ్బాయి. పాడే గది అద్దానికి ఇవతల నేను చీర కొంగు పిడికిట్లో నలుపుతూ కూర్చున్నాను. మహేందర్ కళ్లు మూసుకుని వాయించాడు. అంత బాగా వాయించకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

భోజనాల తర్వాత మహేందర్ మెల్లగా అడిగాడు. "ఇంక టైమున్నది. ఒక్క పాటన్న జూద్దామారా?"

శ్రీకర్ వెంటనే లోపలికి వెళ్లాడు. సంగీతం మొదలైంది. వాడు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారికి ప్రసూన గారు రికార్డింగ్ ఆపేసి, "ఇక చాలండీ, గొంతు పాడైపోతుంది" అన్నారు. పాడైపోవడానికి ఇంకా ఏమి మిగిలింది అనుకున్నాను. మహేందర్ డ్రమ్స్ విప్పి సంచుల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం గుసగుస దగ్గరే ఆగిపోయింది. కొన్నాళ్లకు మహేందర్ చూడడానికి వచ్చినప్పుడు, నాలుగో భాగం ఇంకెవరిచేతనైనా పాడించమని శ్రీకర్ ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు.

"గవి నీ గొంతుకు రాసినయిరా. ఇంకొకని నోట్లె వెట్టలేను" అన్నాడు మహేందర్. ఆ మాటలో కోపం ఎంతో, ప్రేమ ఎంతో నాకు తెలియలేదు. ఆల్బమ్ అలాగే బయటికి వచ్చింది. మూడు తర్వాత ఐదు.

శ్రీకర్ చేసింది సరైనదేనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. ఐదో భాగం విన్నప్పుడు సరైనదే అనిపిస్తుంది. మహేందర్ ముఖం గుర్తొస్తే కాదనిపిస్తుంది. ఒక మనిషి తన చివరి పాటను ఎంచుకున్నాడు, ఇంకో మనిషి తాత కథ వినిపించకుండా పోయింది. ఆ రెండూ ఆ ఒక్క గదిలోనే జరిగాయి. రికార్డింగ్‌కు ఫిల్మ్ నగర్ వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పొద్దుటి సమయం గొంతుకే కేటాయించండి, మధ్యాహ్నానికి అది మిగలకపోవచ్చు. వాద్యాలు ఇంకో రోజైనా చేసుకోవచ్చు.