తలుపు వేసిన పూట

మా బాబాయికి దేవుడితో పేచీ లేదు, పరిచయమూ లేదు. వీధి గదిలో ఆయన కుట్టుమిషను, దాని వెనక ఒక తలుపు, తలుపు వెనక పిన్ని. నలభై ఏళ్లుగా చొక్కాలు కుడుతున్నాడు గానీ కొలతలు ఏనాడూ రాసుకోలేదు. ఒకసారి టేపు పెట్టాడంటే ఆ మనిషి భుజం ఆయనకు కంఠతా వచ్చేసేది.

కాజాలు పిన్ని కుట్టేది. గుండీ పట్టే ఆ చిన్న కంత చుట్టూ ఎన్ని కుట్లు పడితే అన్నిసార్లు "ఓం నమశ్శివాయ" అనుకునేది, సన్నగా, పైకే. ఆమె జపంలో ఉండగా ఎవరూ పలకరించకూడదు. అది ఆ ఇంటి చట్టం. చుట్టం వచ్చినా, పొయ్యి మీద పాలు పొంగినా, చేతిలో కాజా పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించేది బాబాయే, వెక్కిరించేదీ బాబాయే.

"తీసుకెళ్లండి సార్. ఈ చొక్కా తొడుక్కుంటే తిన్నగా కైలాసమే, టిక్కెట్టు కూడా అక్కర్లేదు" అనేవాడు వచ్చినవాళ్లతో.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "పిన్నీ, దానికి అర్థమేంటి?" అని.

"శివుడికి దణ్ణం అని. అంతేనే."

"మరి ఒక్కసారి పెడితే చాలదా?"

"ఆయనకి చాలు. నాకే చాలదు" అని నవ్వి, దారం పళ్లతో కొరికింది. "మనసు కోతి కదా. ఇది పట్టుకుంటే కాసేపు కుదురుగా కూచుంటుంది."

ఆ పిన్నికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఆమె నోటి వెంట ఒక్క అక్షరం రాలేదు. బాబాయి మంచం పక్కన కూచుని, నలభై ఏళ్లలో చెప్పని కబుర్లన్నీ చెప్పాడు. బదులుగా ఒక్క మాట, తిట్టయినా సరే, వస్తుందేమోనని.

ఇంటికి తెచ్చిన నాలుగో రోజు పొద్దున్న లోపలి గదిలోంచి వినిపించింది, "ఓం నమశ్శివాయ." సాయానికి వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి మిషను ఆపేశాడు. మళ్లీ వినిపించింది. అప్పుడు ఆయన మొహం చూడాలి!

"మాటొచ్చిందే అమ్మాయ్! మీ పిన్ని జపానికి కూచుంది!"

నేను లోపలికి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "జపంలో ఉంది. కదిలించకు."

మిషను చప్పుడు ఆమెకు అడ్డురాకూడదని తలుపు మెల్లిగా దగ్గరకు వేశాడు. అయినా మిషను తొక్కలేదు, చేతికుట్టు పని ముందేసుకున్నాడు. నలభై ఏళ్లు వెక్కిరించిన నోటితోనే, "శివుడు మా ఆవిడ మాట మా ఆవిడకి ఇచ్చేశాడే" అన్నాడు. లోపల మంత్రం గంటసేపు నడిచింది. కాసేపు గట్టిగా, కాసేపు గబగబా. మేమిద్దరం సంతోషంగా విన్నాం. మా బుద్ధులు గడ్డి తిన్నాయి.

గొంతు ఆగాక తలుపు తీశాం. పిన్ని మంచానికీ గోడకీ మధ్య జారిపోయి ఉంది. పడిపోయిన చెయ్యి ఒంటి కింద నలిగిపోయి ఉంది. మొహమంతా చెమట, కన్నీళ్లు. మమ్మల్ని చూసి మళ్లీ అదే మాట అంది, ఈసారి వినీ వినబడకుండా.

కొందరికి మాటలన్నీ పోయినా నోటికి బాగా అలవాటైనదొక్కటి మిగులుతుందని, ఏం చెప్పబోయినా అదే వస్తుందని డాక్టరు చెప్పాడు. బాబాయి తల వంచుకుని విన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె గొంతుకు కొలతలు తీశాడు. మంత్రాన్ని మొదట్లో లాగితే మంచినీళ్లు. తెంపినట్టు అంటే పక్కకు తిప్పాలి. చివర సాగదీస్తే, నువ్వు తిన్నావా అని. ఆమె విసుక్కుంటే నవ్వి, "తిట్టు, తిట్టు. శివనామంతో తిట్లు తినే అదృష్టం ఎవడికి పడుతుంది?" అనేవాడు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా పొరబడలేదు.

ఒక్కటి మాత్రం ఆయనకూ అంతుపట్టలేదు. ఒక మధ్యాహ్నం, నేనూ అక్కడ ఉండగానే, ఆమె పాదాలకు నూనె రాస్తూ అడిగాడు. "ఆ రోజు నన్నే పిలిచావు కదూ? నేను తలుపేశాను. నా మీద కోపమా?"

ఆమె ఆయన్నే చూస్తూ, "ఓం నమశ్శివాయ" అంది. అంతకు ముందెప్పుడూ వినని గొంతు. బాబాయి నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు. "ఇంకోసారి అనవూ" అని బతిమాలాడు. ఆమె కళ్లు మూసుకుంది. వారం తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు కాజాలు కూడా ఆయనే కుట్టుకుంటున్నాడు. వంకరగా వస్తున్నాయి. మొన్న నేను వెళ్లేసరికి లోపలి గది తలుపు లేదు. రెక్క ఊడదీసి గోడకు ఆనించేశాడు. ఒళ్లో చొక్కా పెట్టుకుని, ఆ ఖాళీ మంచం వైపు తిరిగి కూచుని, "ఓం నమశ్శివాయ, ఓం నమశ్శివాయ" అంటున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అక్కడే నిలబడ్డావేంటే? రా."

"జపంలో ఉన్నావు కదా బాబాయ్."

"నాకు జపం ఎక్కడొచ్చే?" అని సూది గుడ్డకు గుచ్చాడు. "ఆ రోజు మీ పిన్ని గంటసేపు పిలిచింది. నేను ఒక్కసారైనా పలకలేదు. ఇప్పుడు పలుకుతున్నాను."