కాపీ అన్నాను, కోపి వచ్చింది

టీమ్ లీడ్ పోస్టు నోటిదాకా వచ్చి ఎలా జారిపోయిందో చెప్తాను, వినండి. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను!

నాకున్న పిచ్చి మీకు తెలుసుగా, పోలీసు రేడియో వినడం. కంగారు పడకండి, ఇక్కడిది కాదు. సింగపూర్ పోలీసులది వినడం కుదరదు, వినకూడదు కూడా. నేను వినేది అమెరికాలో ఏదో చిన్న కౌంటీది, ఫోన్‌లో యాప్ పెట్టుకుని. పూర్వం ఈ సరదా ఉన్నవాళ్ళు పెద్ద సెట్టు కొనుక్కుని, ఇంటి మీద యాంటెన్నా కట్టుకుని, బరబరమనే శబ్దంలోంచి ఒక్కో మాటా ఏరుకునేవాళ్ళట. ఎంత ఓపికండీ వాళ్ళకి! నాకా యాతన లేదు. చాంగీ బిజినెస్ పార్క్‌లో కూర్చుని బొటనవేలితో తడితే చాలు, భూమికి అవతలివైపు ఎవరి కుక్క తప్పిపోయిందో తెలిసిపోతుంది. "ఇక్కడి గొడవలు చాలక అమెరికావాళ్ళవి కూడానా?" అంటారు మా ఆయన.

గొడవల కోసం కాదండీ బాబూ! అక్కడ కంట్రోల్ రూమ్‌లో ఒకావిడ ఉంది. పేరు తెలీదు, నేను అక్కయ్య అని పెట్టుకున్నాను. ఏం మనిషి! అవతల ఇల్లు తగలబడుతున్నా సరే, ఆవిడ అన్నం వడ్డిస్తున్నంత నిదానంగా మాట్లాడుతుంది. నేనైతే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా ఫ్లోరంతా వినబడేలా అరుస్తాను. అందుకే ఆవిడంటే నాకంత గౌరవం.

మొన్న బుధవారం మా మేనేజర్ లిమ్, "లంచ్‌కి కలుద్దాం, లీడ్ పోస్టు గురించి మాట్లాడాలి" అన్నాడు. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట! ఫుడ్ కోర్టుకి ముందే వెళ్ళి, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసుకుని, అంటే మన బస్సులో రుమాలు వేసినట్టు సీటు ఆపుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మన మధ్యాహ్నం వాళ్ళకి అర్ధరాత్రి కదా, రేడియో మంచి జోరు మీదుంటుంది.

ఆరోజు ఒక తాతగారు తప్పిపోయారు. మతిమరుపు మనిషి. బయటేమో మంచు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. అక్కయ్య ఒక్కో వీధీ చెప్తోంది, పోలీసులు "కాపీ" అంటున్నారు, అంటే విన్నాం, అర్థమైంది అని. వాళ్ళతోపాటు నేనూ "కాపీ" అనడం ఎప్పుడు అలవాటైపోయిందో నాకే తెలీదు. అదీ పైకి!

టక్కున ఓ కప్పు నా ముందు వాలింది. చూస్తే డ్రింక్స్ కొట్టు ఆంటీ!

"నేనేం అడగలేదు ఆంటీ!"

"యూ సే కోపి, ఐ బ్రింగ్ కోపి లా!"

నిజమేగా, ఇక్కడ కాఫీ పేరే కోపి, ప్రతి మాటకీ తోక 'లా'. సరే అని ఊరుకున్నాను. అక్కయ్య ఇంకో వీధి చెప్పింది. "కాపీ, కాపీ" అన్నాను. ఇంకో రెండొచ్చాయి. లిమ్ వచ్చేసరికి టేబుల్ మీద పెళ్ళి విడిదిలా కప్పులు.

"వా, అన్నీ నాకేనా?"

"మీకే, మీకే!" అంటూ ఒక ఇయర్‌ఫోన్ తీశాను. రెండోది జుట్టు కింద ఉంచేశాను. ఏం చేయను, తాతగారు ఇంకా దొరకలేదుగా!

లిమ్ సీరియస్‌గా మొదలెట్టాడు. "లీడ్ అంటే ప్రెషర్ ఎక్కువ. వీకెండ్ కాల్స్ ఉంటాయి. ఓకేనా?"

"కాపీ!"

ఆంటీ ఇంకోటి తెచ్చింది. లిమ్ నావైపు అదోలా చూశాడు. ఇక లాభం లేదని రెండోదీ తీసి డబ్బాలో పెట్టేశాను. యాప్ దానంతటదే ఆగిపోతుందనుకున్నా. ఆగితేనా! ఫోన్ స్పీకర్ ఫుల్ వాల్యూమ్‌లో అందుకుంది. సైరన్, వెనకే "ఆల్ యూనిట్స్!" అని మగగొంతు.

పక్క టేబుల్ అంకుల్ దొంగతనంగా కాలుస్తున్న సిగరెట్టు ఆయన సూపులోనే పడేసుకున్నాడు. ఫుడ్ డెలివరీ అబ్బాయి ఎక్కడో పెట్టకూడని చోట పెట్టిన బైక్ కోసం పరుగు. లిమ్ ముఖం పాలిపోయింది.

"పోలీసు రేడియో వింటున్నావా? మనం పనిచేసేది బ్యాంకులో, తెలుసా!"

నా పోస్టు కోపి కప్పులో మునిగిపోవడం కళ్ళారా చూశాను. "అమెరికాది! అమెరికాది! పాపం తాతగారు తప్పిపోయారు!" అని అరిచాను, మామూలుగానే, హాలంతా వినబడేలా. యాప్ ఆపబోతే లిమ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. ఆ గాంగ్ దొరికాడా లేదా?"

గాంగ్ అంటే ముఠా కాదండీ, ఇక్కడి చైనావాళ్ళు తాతయ్యని 'ఆ గాంగ్' అంటారు. లిమ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆంటీ ట్రే పట్టుకుని నిలబడిపోయింది. సూపు అంకుల్ కూడా వచ్చేశాడు. బ్రిడ్జి దగ్గర ఎవరో కూర్చున్నట్టుంది, వెళ్ళి చూస్తున్నాను అన్నాడు ఒక పోలీసు.

అంతే! పరుపుల ప్రకటన మొదలైంది.

"అయ్యో!" అన్నారు అందరూ ఒక్కసారిగా. "నువ్వు వాడేది ఫ్రీ యాపా?" అన్నాడు లిమ్, జీవితంలో ఇంత మోసం ఎరగనట్టు.

పరుపు మెత్తదనమంతా విన్నాక రేడియో తిరిగొచ్చింది. దొరికారు! క్షేమంగానే ఉన్నారు. ఆఫీసుకి లేటవుతోంది, బస్సు రాలేదని కోప్పడుతున్నారట. "కాపీ" అంది అక్కయ్య. ఆ వెంటనే, కారులో హీటర్ పెంచండి, ఆయన చేతులు చూడండి, వాళ్ళమ్మాయికి నేను ఫోన్ చేస్తాను అంది. అంతసేపట్లో ఆ గొంతు వణికింది ఆ ఒక్కసారే. ఆంటీ కళ్ళు తుడుచుకుంది. నేనైతే బాహాటంగానే ఏడ్చేశాను.

లిమ్ చల్లారిపోయిన కోపి ఒక గుక్క తాగాడు. తర్వాత మెల్లగా, "లీడ్ అంటే ఇలా ఉండాలి. అరవదు, కంగారు పడదు, ఒక్క మాట కూడా వదిలిపెట్టదు. నాకు కావలసింది ఇలాంటి మనిషే" అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది! చున్నీ సర్దుకుని, ముక్కు తుడుచుకుని, "థ్యాంక్యూ, లిమ్! చాలా థ్యాంక్స్!" అన్నాను.

"నువ్వు కాదు లా!" అన్నాడు ఫోన్ వైపు చూపిస్తూ. "ఆవిడ!"