కొట్టేయించిన మాట

పోయిన వారం ఏదో ధ్రువపత్రం కోసం హిందూపురంలో మీసేవకు పోయినాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి తలెత్తకుండానే "అవ్వా, మీ ఆయన ఉన్నాడా, లేడా?" అనింది. తెర మీద రెండు గడులు, ఏదో ఒకదాంట్లో గుర్తు పెట్టాలి. నేను జవాబు చెప్పేలోపలే మా వదిన గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆ రెండు గడుల్లో దేంట్లోనూ పట్టని మనిషి ఆమె.

వదినంటే మా ఆయనకు అక్క. ధర్మవరంలో పట్టుచీరలు నేసేది. ఆమె భర్తను నేను అన్నా అని పిలిచేదాన్ని. మగ్గాన్ని నమ్ముకుంటే ఇంట్లో పొయ్యి వెలగదని ఆయన పందొమ్మిది వందల యాభైల్లోనే పటాలంలో చేరినాడు. వదినకు చదువు రాదు, ఆయన ఉత్తరాలు పోస్టుమ్యానే చదివి వినిపించేవాడు. ఆ సంగతి తెలిసిన అన్న, భార్యకు చెప్పాలనుకున్నవన్నీ కడుపులో దాచుకొని, ఆడ చలి ఎట్లుందో, పూటకు ఎన్ని రొట్టెలు పెడతారో మాత్రమే రాసేవాడు. అసలు మాటలు చదవకుండా మింగేస్తున్నాడని వదినకు పోస్టుమ్యాను మీద కోపం వచ్చేది. చైనాతో యుద్ధం మొదలయ్యేసరికి ఆ రొట్టెల ఉత్తరాలు కూడా ఆగిపోయినాయి. తర్వాత సైన్యం నుంచి ఒక కాగితం వచ్చింది: ఆచూకీ తెలియలేదు.

సైనికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం సాగు భూమి ఇస్తుందని కొన్నాళ్ళకు విన్నాం. అన్న సొంతూరు పెనుకొండ పక్కన పల్లె కాబట్టి అర్జీ పెనుకొండలో పెట్టుకోవాలి. నేనప్పుడు హిందూపురంలో టీచరును. "నువ్వూ రామ్మే, వాళ్ళు ఏం రాస్తారో నాకేం తెలుసు" అని వదిన కబురు పంపింది. ఆమె ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి రైలెక్కి పెనుకొండ స్టేషన్లో కలుసుకున్నాం.

తాలూకా ఆఫీసు బయట అర్జీలు రాసే పెద్దాయన ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నింపి నా చేతికిచ్చినాడు. వదిన చదవమనింది. చదువుతా పోతే అన్న పేరు ముందర ‘కీర్తిశేషులు’ అని ఉంది. ఆ మాట దాటేసి ముందుకు పోయినాను.

వదిన నా మొగమే చూస్తా ఉన్నట్టుంది. "ఆగుమే. ఆడ ఏదో మింగినావు. ఏముండాది?"

చెప్పక తప్పలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె పెద్దాయన వైపు తిరిగి, "ఎవురు చెప్పినారప్పా నీకు?" అనింది. నిష్టూరంగా కాదు. నిజంగానే ఆయనకేమన్నా కబురు తెలుసేమోనని.

ఆయన కలం కింద పెట్టినాడు. "నాకేం తెలుసు తల్లీ? పోయినాడని రాస్తే పని సులువుగా అవుతాది. తెలీదని రాస్తే నిన్ను ఏ లెక్కలో పెడతారు?"

"ఏ లెక్కలోనన్నా పెట్టనీ. భూమి లేకపోయినా పాయె. తెలీదనే రాయి. తెలిసింది అదే గదా."

ఆయన ఆ మాట కొట్టేసి, మళ్ళీ మనసొప్పక కాగితమే మార్చి మొత్తం తిరగరాసినాడు. లోపల అధికారి దాన్ని రెండు సార్లు చదివి కళ్ళజోడు తీసినాడు. "ఆయన వస్తాడని నమ్మకమా అమ్మా?" అన్నాడు. "లేదు సారూ. తెలుసుకోవాలని ఉండాది" అనింది వదిన. సంగతి తేలేదాకా ఆమెను సైన్యంలో ఉన్నవాని భార్యగానే చూడమని పైకి రాస్తానన్నాడు.

ఆ ఎండాకాలంలోనే అన్న చేత్తో రాసిన కార్డు వచ్చింది. అవతలివాళ్ళ చేతికి చిక్కి ఇన్నాళ్ళూ ఖైదులో ఉన్నాడంట. వాళ్ళు విడిచిపెట్టినాక, మంచులో రెండు కాలివేళ్ళు పోగొట్టుకొని, సగం మనిషిగా ఇంటికొచ్చి దిగినాడు. భూమి పట్టా ఆ తర్వాత సంవత్సరం వదిన పేరుతోనే వచ్చింది. రాళ్ళేరి శెనక్కాయ వేసినారు. పొలానికి ఎవరన్నా వస్తే అన్న కుంటుకుంటా ఎదురుపోయి, "నన్నడగొద్దప్పా, యజమాని ఆడుండాది" అని నవ్వేవాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. కానీ అదే యుద్ధంలో తప్పిపోయిన ఇంకొకతని భార్య గోరంట్లలో ఉండేది. వదినే పోయి ఆమెను వెంటబెట్టుకొచ్చి, ఆమె అర్జీలోనూ తెలీదనే రాయించింది. ఆమెకూ భూమి వచ్చింది. ఆయన మాత్రం రాలేదు. ఏండ్ల తర్వాత ఒక రోజు ఆమె మా ఇంట్లో కూర్చొని, "మీ వదిన ఆ మాట రాయించకపోయింటే ఆ పొద్దే ఏడ్చి ఊరకుండేదాన్ని" అనింది. పోతా పోతా, "అయినా రాయించింది మంచిదేలే" అని కూడా అనింది. ఆ రెండు మాటల్లో ఏది నిజమో ఇన్నేండ్లుగా ఆలోచిస్తానే ఉన్నాను. కాలం కొందరికి జవాబు చెబుతుంది, కొందరిని ఎదురుచూస్తా బతకడానికి అలవాటు చేసి వదిలేస్తుంది.