ఆదోని ఆయన ఫ్లాపీ

మాది ఎమ్మిగనూరు. చనిపోయిన మా అన్న వేసిన చీర అంచుల డిజైన్లన్నీ ఒకే సీడీలో ఉన్నాయి. అవి తెరుచుకునేది ఆయన వాడిన పాతకాలం కంప్యూటర్‌లోనే. దాని సీడీ డ్రైవ్ ఎప్పుడో చెడిపోయింది.

పోయిన ఏడాది ఆదోని నుంచి ఒక రిపేరు ఆయన్ని పిలిపించాను. ఆయన సంచిలోంచి ఇటుకంత డబ్బా తీసి, అన్న సీడీని అందులో పెట్టి, ప్రింటర్ కేబుల్ తగిలించే చోట కలిపాడు. సీడీకి ప్రింటర్‌తో పనేమిటని నాకు అనుమానం మొదలైంది. అంతలో తన ఫ్లాపీ ఒకటి కంప్యూటర్‌లో దూర్చాడు. ఆ డిజైన్లు కావాలని అంతకుముందే ఒక వ్యాపారి రెండుసార్లు వచ్చి పోయాడు. ఈయన్ని పంపింది అతనేనేమో అనిపించింది.

"మా డిజైన్లు ఎవరికోసం కాపీ చేస్తాండావప్పా?" అంటూ ఫ్లాపీ లాగేశాను. దాని రేకు ఊడి నా చేతికొచ్చింది. పక్కింటివాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"కాపీకి కాదక్కా. అది లేకుంటే సీడీ చదివే ఈ డబ్బాను కంప్యూటరు గుర్తుపట్టదు," అన్నాడాయన నెమ్మదిగా. "ఇంకొకటి ఇంటికాడ ఉండాది. పోయి తెస్తా."

ఇక రాడనుకున్నాను. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. కాసేపటికి అన్న అంచులు తెర మీద ఒక్కొక్కటే కనిపించాయి.

"మీ అన్న పనిమంతుడక్కా," అన్నాడాయన తెర వైపే చూస్తూ.

అన్న అంచుతో చీర మా మగ్గమెక్కినప్పుడల్లా, ఒక్క మాట అడగాల్సిన చోట ఫ్లాపీ లాగేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.