భాస్కరం చివరి క్యాసెట్

ఎనిమిదేళ్ళుగా ఒక గొంతును మోస్తున్నాను. అది నాది కాదు. కాదని గట్టిగా చెప్పడానికీ లేదు, ఎందుకంటే అది నా నోట్లోంచే వచ్చింది. దీని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి చెప్పలేదు. ఇక చెప్పే వీలూ లేదు. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను మాంచెస్టర్‌లో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రోగి నాడి, రక్తపోటు, ఇచ్చిన మందు, అన్నీ వెంటవెంటనే కాగితం మీద పెట్టడం మా పని. రాయనిది జరగనట్టే అని మాకు మొదటి రోజుల్లోనే నేర్పారు. నేను ఆ మాటను ఇంటికి కూడా తెచ్చుకున్నాను. కాలేజీ రోజుల నుంచీ డైరీ రాయని రోజు లేదు. మా తెలుగువాళ్ళలో ఎవరికైనా పాత ఫోటో కావాలన్నా, ఎవరి పెళ్ళి ఎప్పుడైందో తెలియాలన్నా "అంకుల్‌ని అడగండి, ఆయన ఏదీ పారెయ్యరు" అనేవారు. ఆ మాట వినడం నాకెంత ఇష్టమో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. జరిగిన తప్పుకి మూలం ఆ ఇష్టమేనేమో.

భాస్కరం నా స్నేహితుడు. ఇద్దరం ఒకే ఏడాది ఇక్కడికొచ్చి, ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఒకే గదిలో ఉన్నాం. నాకు పెళ్ళయ్యాక మా ఇంట్లోనే భోజనం చేసేవాడు. తర్వాత పరీక్ష రాసి అమెరికా వెళ్ళిపోయాడు. ఒహాయోలో ఒక చిన్న ఊరు. అప్పట్లో ఫోను చెయ్యడం మా జీతాలకు అందే పని కాదు. ఉత్తరం రాయడానికి వాడికి బద్ధకం. అందుకని క్యాసెట్లు పంపుకునేవాళ్ళం. మా పద్ధతి ఏమిటంటే, వాడు మాట్లాడి పంపిన క్యాసెట్టు మీదే నేను జవాబు రికార్డు చేసి తిరిగి పంపేవాణ్ణి. వాడూ అంతే. ఒకరి మాట చెరిగితేనే ఇంకొకరి మాట. చెరిపే ముందు వాడు చెప్పినదంతా నేను డైరీలో రాసుకునేవాణ్ణి. కాగితం మీద ఉంటే ఉన్నట్టే కదా అనుకునేవాణ్ణి.

వాడి చివరి క్యాసెట్టు కూడా అలాగే విన్నాను, రాసుకున్నాను, దాని మీద నా జవాబు నింపాను. పోస్టు చేద్దామని కవరు కూడా అంటించాక కబురొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్తూ కార్లోనే గుండె ఆగిందట. వాడి భార్య ఫోన్లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియక, "వాడి ఆఖరి క్యాసెట్టు నా దగ్గర ఉందమ్మా" అన్నాను. అట్ట మీద వాడి చేతిరాత ఉంది. లోపల ఉన్నది నేను. అబద్ధమా అది? ఆ క్షణంలో కాదనే అనిపించింది. ఆవిడ కూడా కొన్నేళ్ళకే పోయింది. క్యాసెట్టు నా అల్మారాలోనే ఉండిపోయింది. ఎప్పుడైనా దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంటే, మా ఆవిడ నేను వాడి గొంతు వింటున్నాననుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేది.

2011లో మా పైగదిలో మేఘన అనే అమ్మాయి అద్దెకుండేది. కరీంనగర్ పిల్ల. ఇక్కడ సినిమా తీయడంలో మాస్టర్స్ చేస్తోంది. వాళ్ళ కాలేజీలో అమెరికన్ అస్తిత్వం మీద కొత్త కోర్సు పెడుతున్నారు. మొదటి క్లాసులో పిల్లలకి చూపించడానికి ఒక చిన్న డాక్యుమెంటరీ తియ్యమని ఆ కోర్సు ప్రొఫెసరు మేఘనకి పురమాయించాడు. మనిషి ఏ క్షణంలో అమెరికన్ అవుతాడు అన్నది ప్రశ్న. మేఘన ఊరంతా తిరిగింది. దొరికిన అమెరికన్లందరూ పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడారని విసుక్కుంది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మా ఆవిడ, "మా భాస్కరం అన్నయ్యగారు అమెరికా పౌరుడైనప్పుడు చెప్పిన కబుర్లు ఆ ఆఖరి క్యాసెట్లో ఉన్నాయే. ఈయన ప్రాణంలా దాచుకున్నారు" అంది.

మేఘన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏంది ఆంటీ, ఇన్ని దినాలు చెప్పకపోతిరి! అంకుల్, గా క్యాసెట్ ఒక్కటి ఇయ్యిండ్రి. మీ కాళ్ళు మొక్కుత. నా సినిమా ఒడ్డున పడ్డట్టే."

"మొక్కడం తర్వాత, ముందు ఆ పప్పు తిను" అంది మా ఆవిడ. ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ నా వైపు చూశారు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. అది చెరిగిపోయిందమ్మా, చెరిపింది నేనే అని. ఎంత చిన్న వాక్యం! మా ఆవిడ ముందు, అన్నేళ్ళు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిన మనిషి ముందు, ఆ వాక్యం రాలేదు. "వెతికి ఇస్తాను" అన్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మేఘన కాలేజీకి, మా ఆవిడ సరుకులకి వెళ్ళారు. పాత రికార్డరు బయటికి తీసి, ఆ క్యాసెట్టే అందులో పెట్టాను. గదిలో మొదలుపెడితే రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. ఒహాయోలో వాడి వీధిలోకి బస్సు రాదు. మేఘన తన సినిమా మాటలు బట్టల అల్మారాలో దూరి రికార్డు చేసుకోవడం చూశాను. చుట్టూ బట్టలుంటే బయటి చప్పుడు రాదనేది. నేనూ అలాగే మా అల్మారాలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అందులో భాస్కరం వెళ్తూ వదిలేసిన గోధుమరంగు ఓవర్‌కోటు కూడా ఉంది. దాని చెయ్యి నా భుజం మీద పడింది. తొలగించాను. మళ్ళీ పడింది. ఈసారి ఉండనిచ్చాను.

టార్చి వెలుగులో డైరీ చూసి చదివాను. వాడు ముక్కుతో మాట్లాడేవాడు. నవ్వే ముందు కొంచెం ఆగేవాడు. "ఒరే డాక్టరూ, ఎలా ఉన్నావురా" అని మొదలుపెట్టేవాడు. మొదటి మాటకే వాడి గొంతు వచ్చేసింది. అంత సులువుగా వస్తుందనుకోలేదు. పౌరసత్వం ప్రమాణం చేసిన రోజు గురించి చదివాను. "చెయ్యెత్తి ప్రమాణం చేశాను, జెండా ఇచ్చారు, ఫోటో తీశారు. ఇంటికొచ్చి పెరుగన్నం తిని అద్దంలో చూసుకున్నానురా. వాడే ఉన్నాడు. వాడికింకా కబురందలేదు." మాటలన్నీ వాడివే. ఒక్కటీ నేను కల్పించలేదు. ఆ సమాధానంతోనే చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను.

కానీ డైరీలో ఉన్నది అయిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది. ఆపడానికి చెయ్యి చాపాను. చాపినవాణ్ణి పక్కకి తిరిగి, ఎవరో చిన్నపిల్ల గదిలోకొచ్చినట్టు, అదే గొంతుతో ఇలా అన్నాను. "గువ్వా, తడి బూట్లు హీటరు మీద పెట్టకే. తోలు పగులుద్ది."

ఎవరితో అన్నాను? ఎందుకన్నాను? చీకట్లో నా పక్కన కోట్లు తప్ప ఏమీ లేవు. టార్చి పాదాల మీదికి తిప్పి చూశాను. ఏం కనిపిస్తుందనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడు మెట్ల మీది నుంచి మా ఆవిడ గొంతు. "ఎవరండీ వచ్చింది?"

టేపు ఆపి బయటికొచ్చాను. సరుకుల సంచి ఆవిడ చేతిలోనే ఉంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "భాస్కరం అన్నయ్యగారి గొంతు విన్నానండీ" అంది.

"క్యాసెట్టేలే."

"అంత దగ్గర నుంచి వినిపించిందేంటి?" అంది. తర్వాత ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తెలిసే ఎత్తలేదా? ఆ ప్రశ్నకి జవాబు ఆవిడతోనే పోయింది.

జీవితంలో మొదటిసారి, చేసిన పని సరిచూసుకోకుండా వేరేవాళ్ళ చేతిలో పెట్టాను. నాకది వినే ధైర్యం లేకపోయింది. మేఘన వినేసి గంతులేస్తూ కిందికొచ్చింది. "అంకుల్, రోమాలు నిక్కబొడుచుకున్నయ్! ఆఖర్ల ఎవరో ఆడమనిషి గొంతున్నది, జర దూరంగ, మన ఆంటీ లెక్కనే. అది కట్ చేసిన." నేను నవ్వినట్టే గుర్తు. ఆ రోజు డైరీలో వర్షం గురించి రాశాను.

సినిమా మొదటిసారి చూపించినప్పుడు నన్ను పిలిచారు. పెద్ద తరగతి గదిలో చివరి వరసలో కూర్చున్నాను. తెర మీద భాస్కరం ఫోటో. నలుపు తెలుపు. కింద ఇంగ్లీషు అక్షరాలు, పైన నా గొంతు. అద్దం మాట దగ్గర గది మొత్తం ఊపిరి బిగబట్టింది. నేను పెదవులు కదుపుతున్నానని పక్కనున్న అమ్మాయి నా వైపు తిరిగి చూసేదాకా నాకు తెలీలేదు. ఫోటోలో వాడి నోరు మూసే ఉంది. నాది కదులుతోంది. తర్వాత ప్రొఫెసరు నా చెయ్యి పట్టుకుని, ఇలాంటివి భద్రపరిచేవాళ్ళు అరుదు అన్నాడు. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకి అదే చూపిస్తున్నారట.

అక్కడితో ఆగితే బహుశా మీకిది రాసేవాణ్ణి కాదు. మేఘన పద్ధతి గల పిల్ల. భాస్కరం కూతురు నీలిమని వెతికి పట్టుకుని, అనుమతి కోసం సినిమా పంపింది. తండ్రి పోయేనాటికి నీలిమకి ఆరేళ్ళు. ఒక సాయంత్రం ఫోను మోగింది.

"అంకుల్, నేను నీలిమ. భాస్కరంగారి నీలిమ." అమెరికా యాస తెలుగు. "నాన్న నన్ను గువ్వా అనేవారు. ఐ హాడ్ ఫర్‌గాటెన్, అంకుల్. పూర్తిగా మర్చిపోయాను. ఎవరూ అలా పిలవలేదు కదా, తర్వాత."

"గుర్తుందా అమ్మా, నిజంగా?" అన్నాను. గొంతు సన్నగా చేసుకుని అన్నాను. నా గొంతు గుర్తుపడుతుందేమోనని.

"బూట్లు కూడా. ఎర్ర బూట్లు. స్నోలో ఆడి వచ్చి హీటర్ మీద పెట్టేదాన్ని. నాన్న కోప్పడేవారు." నవ్వుతోంది, ఏడుస్తోంది. "ఆ క్యాసెట్ నాకిస్తారా? మీకు చాలా ఇష్టమని తెలుసు. కానీ..."

"నీదే కదమ్మా" అన్నాను. పంపేశాను.

ఆ రాత్రి నుంచి కొన్ని వారాలు పాత డైరీలన్నీ వెతికాను. గువ్వ అన్న పేరు ఎక్కడా లేదు. ఎర్ర బూట్లు లేవు. ఎప్పుడో వాడి క్యాసెట్టులో విని, రాయడం మర్చిపోయానా? నేను రాయడం మర్చిపోను. పోనీ, నేను కల్పించింది విని ఆ పిల్ల తనకో జ్ఞాపకం తయారు చేసుకుందా? అలాగైతే నేనొక కూతురి బుర్రలో లేని తండ్రిని పెట్టాను. లేదూ, ఆ చీకట్లో మాట్లాడింది నిజంగా... ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు మొదలుపెట్టినా పూర్తి చెయ్యలేకపోయాను. ఏది నిజమైతే నాకు నయమో కూడా తేల్చుకోలేను.

క్యాసెట్టు అందాక మళ్ళీ ఫోను చేసింది. "అంకుల్, సినిమాలో లేదు కానీ, ఎండ్‌లో అమ్మ కూడా ఉంది. 'ఎవరండీ వచ్చింది' అంటుంది. రోజూ అది వింటున్నాను."

వంటింట్లో మా ఆవిడ చారుకి పోపు వేస్తోంది. నేను రిసీవరు చెవికి నొక్కుకుని, "అవునమ్మా" అన్నాను.

మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. వాట్‌ఫర్డ్‌లో ఉండే మా అబ్బాయి వచ్చి, "డాడీ, అమ్మ వాయిస్ ఎక్కడైనా ఉందా? ఎనీథింగ్?" అని అడిగాడు. వాడూ నేనూ ఇల్లంతా వెతికాం. ఫోటోలు వందలు. ఫోనులో వీడియోలున్నాయి. కెమెరా చూస్తే చాలు, చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, మాట్లాడదు. ఆవిడ ఏ రోజు ఏమందో నా డైరీల్లో ఉంది. ఎలా అందో లేదు. "లేదురా" అన్నాను వాడితో. ఉంది. రెండు మాటలు. ఒహాయోలో, ఇంకొకరి తల్లి గొంతుగా.

ఆ క్యాసెట్టు తిరిగి అడగాలంటే నీలిమకి అన్నీ చెప్పాలి. చెబితే నీలిమకి ఒకేసారి తల్లీ తండ్రీ ఇద్దరూ పోతారు, ఈసారి నా చేతుల మీదుగా. చెప్పకపోతే నా కొడుక్కి వాళ్ళమ్మ గొంతు లేదు. నాకూ లేదు. ఈ మధ్య ఆవిడ గొంతు గుర్తు చేసుకోబోతే, మాటలు వస్తున్నాయి, చప్పుడు రావడం లేదు.

నిన్న నీలిమ ఫోను చేసింది. వచ్చే నెల పిల్లల్ని తీసుకుని మాంచెస్టర్ వస్తోందట. కాలేజీలో సినిమా చూపిస్తుంది వాళ్ళకి. "క్యాసెట్ తెస్తున్నాను అంకుల్. మీ రికార్డర్ ఇంకా ఉంది కదా? అందరం కలిసి విందాం. మీరు నా పక్కన కూర్చోవాలి." సరే అన్నాను. గొంతు మార్చుకోవడం మర్చిపోయాను. అవతల కాసేపు నిశ్శబ్దం. పెట్టేసింది.

రికార్డరు దించి దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాను. పనిచేస్తోంది. ఆ గదిలో ఆ టేపు చివరికొచ్చినప్పుడు, మెట్ల మీది నుంచి మా ఆవిడ ఎవరండీ వచ్చింది అని అడిగినప్పుడు, నేను కదలకుండా కూర్చోగలనా? చెప్పాలని నోరు తెరిస్తే ఎవరి గొంతు వస్తుంది? తెలీదు. ఇక్కడైతే ఆ భయం లేదు. కాగితానికి గొంతుండదు.

మేఘన క్యాసెట్టు విన్న ఆ రోజు డైరీ పేజీ ఇందాక తీసి చూశాను. వర్షం అని ఉంది. దాని కింద ఖాళీ ఉంది. పెన్ను తీసుకుని, అల్మారాలో మాట్లాడింది నేను అని రాశాను. రాయనిది జరగనట్టే. ఇప్పుడు జరిగింది.