ఊక కుప్ప మీద మంచు ఆట

మా ఇంట్లో వీపు వంచితే దెబ్బ పడేది. అన్నం తింటూ కాస్త ముందుకు వంగినా చాలు, మా తాత చేతిలోని బెత్తం రెండు భుజాల మధ్య చురుక్కుమనేది. నా వీపు ఈ రోజుకీ నిటారుగా ఉందంటే అది ఆ బెత్తం చలవే. ఎల్లారెడ్డి చుట్టూ ఉన్న మా భూములు పోయాయి. గడి, అంటే మా తాతల నాటి కోటలాంటి దొరల ఇల్లు, దాని రాళ్ళు కూడా ఎవరెవరి ఇండ్ల పునాదుల్లోకో చేరాయి. కామారెడ్డిలో కిరాయి ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. అయినా బస్సులో సీటుకు ఆనుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకు సిగ్గుపడను.

ఈ వీపంటే నా బామ్మర్దికి మొదటినుంచీ మంట. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు వాడు. ఎల్లారెడ్డిలో రైసుమిల్లు నడుపుతాడు. అమ్మానాన్నలు పోయాక ఆమెకు తల్లిగారిల్లంటే ఆ మిల్లు వెనుక ఉన్న వాడి ఇల్లే. మా ఇద్దరికీ మాటలు లేక చాలా కాలమైంది. ఒక చుట్టాల గృహప్రవేశంలో, మొదటి బంతిలో ముందు విస్తరి ఎవరిదన్న దగ్గర తగువు మొదలైంది. నేను విసిరిన స్టీలు గ్లాసు వాడి కనుబొమ్మ చీల్చింది. వాడు నా గల్లా పట్టి పెరుగు గంగాళం మీదికి తోశాడు. ఆ రోజు రెండో బంతికి పెరుగు లేదు.

మంచు కొండలకు పోదామన్న ఆలోచన నా భార్యది. నా బామ్మర్దికి ఫోన్లో వీడియోలు చూసీ చూసీ మంచు మీద జారే ఆట పిచ్చి పట్టింది. నాకు ఒక్కసారైనా మంచు చూడాలని ఉందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. రెండు జంటలం కలిసి పోయి నాలుగు రోజులు ఉండి వస్తే మళ్ళీ మాటలు కలుస్తాయని ఆమె ఆశ.

"కొట్లాడక తప్పదంటే మంచుల కొట్లాడుండ్రి, కింద పడ్డా దెబ్బ తాకది" అని నవ్వింది. నవ్వు ఆగాక అసలు మాట చెప్పింది. ఈసారి మా ఇద్దరి మధ్య చెయ్యి లేస్తే తను ఏదో ఒక ఇల్లు వదులుకుంటుందట. మొగని ఇల్లా, తమ్ముని ఇల్లా అన్నది నేనే చెప్పాలట. నేను సరే అన్నాను. వాడూ ఫోన్లో సరే అన్నాడట.

టికెట్ల కోసం కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక ఏజెంటు దగ్గరికి పోయాం. దుబాయికి, మస్కట్‌కు మనుషుల్ని పంపడం ఆయన పని. మంచుకు పోతామన్న గిరాకీ మేమే మొదట. బామ్మర్ది ఎల్లారెడ్డి నుంచి బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. గోడ మీది పటంలో గుల్మార్గ్ మీద ఒక వేలు, సోలాంగ్ మీద ఒక వేలు, ఔలీ మీద బొటనవేలు పెట్టాడు. మూడూ ఒక్క అరచేతి కింద ఇమిడాయి.

"ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి, కామారెడ్డి నుంచి బీబీపేట. గంతే కదా" అన్నాడు. పొద్దున ఒకచోట జారి, పొద్దుగూకేసరికి ఇంకోచోట దిగొచ్చని వాడి లెక్క. చరిత్ర చెప్పే నేను కూడా తల ఊపాను. మా దిక్కున ఊళ్ళ మధ్య అడ్డం వచ్చేవి వరి మళ్ళు. కొండ అడ్డం వస్తే దాని చుట్టూ రోజంతా తిరగాలన్న సంగతి మా ఇద్దరి బుర్రకూ తట్టలేదు. ఏజెంటు మాత్రం నవ్వకుండా, గుల్మార్గ్ నుంచి ఔలీ చేరేసరికే మీ సెలవులు ఖతం సాబ్ అన్నాడు. చివరికి ఆ రెండూ తీసేసి, ఒకే రాష్ట్రంలో ఉండే కుఫ్రీ, నార్కండ, సోలాంగ్ అనుకున్నాం. ఆదివారం సాయంత్రంలోగా ఖాయం చెయ్యమన్నాడు.

అలవాటు కొద్దీ ఆయన ఇంకో మాట అడిగాడు, వాపస్ టికెట్ కూడా కావాలా అని. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు పోయే టికెట్ ఒక్కటే కొంటారు మరి.

"మా బావకు వద్దు, పోయేదొక్కటి చాలు" అన్నాడు బామ్మర్ది.

బల్ల కింద వాడి ముంగాలి ఎముక మీద తన్నాను. వాడు మొహం మీది నవ్వు చెదరనీయకుండా, బూటు మడమ నా కాలి వేళ్ళ మీద ఆన్చి నలిపాడు. బొటనవేలి గోరు పటుక్కుమంది. ఇద్దరం ఏజెంటుకు దండం పెట్టి కుంటుకుంటూ బయటికొచ్చాం. చెయ్యి లేవలేదు కాబట్టి మాట తప్పలేదని ఇద్దరం మనసులో అనుకున్నాం.

ఆదివారం నేనూ నా భార్యా ఎల్లారెడ్డి పోయాం. మంచుకు పోయేముందు కాస్త సాధన చెయ్యాలని బామ్మర్ది పట్టు. మిల్లు వెనుక ఊక కుప్ప ఇంటికన్నా ఎత్తుంటుంది. ఊక మంచు కన్నా ఎక్కువ జారుతదని వాడి నమ్మకం. వడ్లాయనతో, అదే ఊరి వడ్రంగితో, ఒక వెడల్పాటి చెక్క చేయించి, ముందుభాగం మంట మీద వంపించి, కాళ్ళు కట్టుకోవడానికి సైకిల్ ట్యూబులు బిగించాడు. స్నోబోర్డంటే అదేనట, ఒక్క చెక్క మీదే రెండు కాళ్ళు. వీడియోలో మనుషులు రెండు చెక్కల మీద, కాలుకొకటి చొప్పున కట్టుకొని జారడం నేను చూశాను. నాకు అట్లాంటివే కావాలన్నాను. రెండు కాళ్ళూ ఒకే కొయ్యకు బిగించడం మా గడిలో ఆట కాదు, శిక్ష. దాన్ని బొండకొయ్య అనేవాళ్ళు. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

హమాలీలు కుప్ప పక్కన నీడలో కూర్చుని సద్దులు విప్పారు. బామ్మర్ది వాళ్ళకు వినబడేట్టే మాట్లాడాడు.

"బొండకొయ్య నాకెరికే బావా. మీ తాత అండ్ల ఎవరి కాళ్ళు పెట్టిచ్చిండో ఈళ్ళను అడుగు."

నమలడం ఆగిపోయింది. ఒక పెద్దాయన తన కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. వెనక్కి తగ్గితే భయపడ్డట్టే అవుతుంది. మోకాళ్ళ దాకా దిగబడుతూ కుప్ప మీదికెక్కి, ఆ చెక్క మీద కాళ్ళు పెట్టాను. వాడు ట్యూబులు లాగి ముడేశాడు. మోకాళ్ళు వంచు, నడుం వంచు, ముందు పడుడు నేర్చుకో అని వీడియోలోని పాఠం అప్పజెప్పాడు. నేను వంచలేదు. వీపు మీద అరచెయ్యి పెట్టి తోశాడు.

నాలుగు బారలైనా జారానో లేదో, చెక్క కొస ఊకలో గుచ్చుకుంది. తలకిందులై పడ్డాను. కాళ్ళకు కట్టిన చెక్క ప్రతి పల్టీకీ ఎగిరి మోకాలి మీదో, గడ్డం మీదో కొడుతోంది. కళ్ళలో ఊక, నోట్లో ఊక, చొక్కా లోపల ఊక. దొర్లీ దొర్లీ హమాలీల సద్దుల ముందు ఆగాను.

పైనుంచి వాడి గొంతు వినబడింది. "దొర దొర్లిండు."

ముందు ఒక హమాలీ కిసుక్కుమన్నాడు, ఆ వెంటనే అందరూ. దొర అన్న మాటను మా ఇంట్లో తరతరాలుగా విన్నాం, తల వంచిన మనుషుల నోళ్ళ నుంచి. దాని పక్కన ఆ రెండో మాట పెట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. రెండూ అంత దగ్గరి మాటలని నాకూ ఆ రోజే తెలిసింది.

ట్యూబులు పీకేశాను. వాడు కూర్చున్నపాటున జారుకుంటూ కిందికొచ్చాడు. నవ్వుతూనే, నన్ను లేపడానికి చెయ్యి చాపాడు. నేను చెక్క తిప్పి కొట్టాను. అది దవడ మీద తగిలింది. నెత్తుటితో పాటు ఒక పన్ను ఊకలో పడింది. వాడు తల దించి నా పొట్టలో గుద్దాడు. ఇద్దరం పడ్డాం. మెడ మీద మోకాలు పెట్టి నా మొహాన్ని ఊకలోకి అదిమాడు. గొంతులోకి ఊక పోయి ఊపిరి ఆగింది. చేతికి అందిన మణికట్టును పళ్ళు దిగేలా కొరికాను. వాడు అరిచి, రెండో చేతి పిడికిలితో నా చెవి మీద గుద్దాడు. లోపల ఏదో చిట్లినట్టయి, ఆ పక్క లోకం మూగబోయింది. హమాలీలు చెరో జత కాళ్ళు పట్టి ఈడ్చేదాకా ఆగలేదు.

నా భార్య అక్కడే నిలబడి ఉంది. చంకలో కొత్త స్వెటర్ల మూట. పక్కన బామ్మర్ది భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా భార్య ఏడవలేదు. ఒక స్వెటర్ చేతితో తమ్ముడి మూతి తుడిచి, నా వైపు తిరిగింది.

"చెప్పుండ్రి. ఏ ఇల్లు ఇడిశిపెట్టాలె?"

వాడేమన్నాడో విన్నావా అన్నాను.

"విన్న. నాకూ నవ్వచ్చింది" అంది.

ఆ మాట పన్నూడినంత నొప్పి పెట్టింది. అయినా ఆమె కళ్ళు నా మీదనుంచి కదల్లేదు. నా ఇల్లే వదిలెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. వాడి ఇల్లు వదలమంటే మిగిలిన జీవితమంతా ఈ మనిషి నాకు అన్నం వడ్డిస్తూ ఏం ఆలోచిస్తుందో నాకు తెలుస్తూనే ఉంటుంది. మా వంశంలో మాఫీ అడిగే అలవాటు లేదు, నాకు దాని మాటలు కూడా రావు. లేచి, ఒంటి మీది ఊక దులుపుకొని, బామ్మర్ది ముందుకు పోయి నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"కొట్టు" అన్నాను.

"పో బావా."

"ఈళ్ళ ముందటనే కొట్టు. నేను చెయ్యెత్త."

వాడు అక్క వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. కుడి మణికట్టు అప్పటికే బూరెలా ఉబ్బింది, అందుకని ఎడమ చెయ్యి లేపాడు. ఉత్తుత్తిగా కొడతాడేమోనని భయపడ్డాను. అట్లా కొట్టలేదు. భుజం దగ్గరినుంచి వచ్చిన దెబ్బ అది. కళ్ళు చీకట్లు కమ్మాయి, పెదవి చిట్లి నోరు ఉప్పగా అయింది. మోకాళ్ళు వాటంతటవే వంగి ఊకలో కూలబడ్డాను. ఈసారి హమాలీలు ఎవరూ నవ్వలేదు.

వాడు కూడా కాసేపు ఊగి నా పక్కనే కూలబడ్డాడు. నెత్తురు ఉమ్మి, నాలుకతో పన్నూడిన సందు తడుముకున్నాడు.

"అయిందారా?" అని అడిగింది వాడి అక్క.

"కుడి చెయ్యి మంచిగుంటే ఇంకా గట్టిగ తాకేది" అన్నాడు.

ఆమె కొంగుముడి నుంచి ఫోన్ తీసి ఏజెంటు నంబరు నొక్కింది. బామ్మర్ది నా వైపు చూడకుండానే, ఈ చేత్తో మూడు చోట్లు తిరుగుడు కాదు, కుఫ్రీ తీసేద్దామన్నాడు. నాకు దవడ సరిగా కదలడం లేదు. నార్కండ చివర పెట్టమను, అప్పటికి నీ చెయ్యి కొంచెం నెమ్మదిస్తదని ఎట్లాగో కూడబలుక్కుని చెప్పాను. వాడు సరేనన్నట్టు తలాడించాడు. ఆమె ఆ మాటలన్నీ ఫోన్లోకి చేరవేసింది. అవతల ఆయన మనుషులెందరని అడిగినట్టున్నాడు.

"నలుగురమే. ఎవరూ తగ్గలే" అంది.