కూవం ఒడ్డున పుట్టిన ముక్కు

మొన్న ఆదివారం తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారంటే చింతాద్రిపేటకు వెళ్లాను. ఆటో వంతెన దిగి మా వీధిలోకి తిరిగిందో లేదో, నా ప్రమేయం లేకుండానే కొంగు ముక్కు మీదికి వెళ్లింది. వాకిట్లో నిలబడిన మరదలు అది చూసి, "ఏం వదినా, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది తప్ప, వాసన సంగతి ఆమె ఊహకైనా రాలేదు. నేను పుట్టి పెరిగి, ఉద్యోగకాలంలో సగం వెళ్లదీసిన ఇల్లది. పదవీ విరమణ తర్వాత సముద్రపు గాలి వీచే శివారుకు నేను మారిన ఈ కొన్నేళ్లలోనే, నగరపు మురుగంతా మోసుకుంటూ ఇంటి పక్కన పారే కూవం నది కొత్తగా కంపు కొట్టడం మొదలుపెట్టలేదు కదా. పుట్టింటి గడప ముందు నేను ముక్కు మూసుకున్నానన్న దిగ్భ్రాంతి నుంచి ఇంకా తేరుకోలేదు. దానితోపాటే ఏనాటిదో వ్యాసర్పాడి కేసు గుర్తుకొచ్చింది.

ఆ రోజుల్లో ఆడపిల్ల ఒక చదువు చదివి, దానికి పొంతన లేని మరొకటి చదివి, చివరికి రెండింటినీ పక్కనపెట్టి సర్కారు కొలువులో చేరితే ఇంట్లోవాళ్లకు అది చపలత్వంగానే తోచేదని నా ఈడువారికి వేరే చెప్పనక్కరలేదు. నేను మొదట రసాయన శాస్త్రం చదివాను. పరీక్షనాళికలో రంగు మారితే గాని దేన్నీ నమ్మకూడదన్న బుద్ధి అక్కడ అబ్బింది. తర్వాత నాన్నగారి పట్టుదల మీద లా చదివి, హైకోర్టు ఎదుటి సందులో తెలుగు వర్తకుల దావాలు చూసే ఒక సీనియర్ దగ్గర చేరాను. సాక్షి అన్నవాడు తన కంటికీ చెవికీ తెలిసినదే చెప్పాలి గాని, ఊహించుకున్నది చెప్పకూడదన్నది ఆయన నేర్పిన తొలిపాఠం. ఈ రెండు బుద్ధులూ కలిసి పనికొచ్చే చోటేదైనా ఉంటుందా అనుకుంటున్నప్పుడే, కాలుష్య వ్యవహారాలకు లా తెలిసిన అధికారులను ప్రభుత్వం తీసుకుంటోందని తెలిసి నల్లకోటు విప్పేశాను. అమ్మ ఆ కోటును పారేయనివ్వక, కలరా ఉండలు వేసి బీరువాలో దాచింది, నా మనసు ఎప్పుడైనా మారుతుందేమోనని.

చేరిన కొత్తల్లోనే వ్యాసర్పాడి రైల్వే యార్డు వెనక వీధి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఎముకలూ తోలుముక్కలూ ఉడికించి బంక తీసే షెడ్డొకటి అక్కడ కొత్తగా వెలిసింది. ఫిర్యాదు చేసినామె సరుకు మూటలు మోసే కూలీ. మొదటి కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె కూతురు ఆ వాసనకు అన్నం ఇముడ్చుకోలేక చిక్కిపోతోందనీ, షెడ్డు మూయకపోతే పిల్లను తిరిగి అత్తారింటికి పంపేయవలసిందేననీ ఆమె గోడు. నేను వెళ్లి షెడ్డు గోడ పక్కనే నిలబడి ఊపిరి నిండా పీల్చాను. ఏమీ తెలియలేదు. మరో చోట నిలబడి మళ్లీ పీల్చాను. ఆ మాటే చెప్పాను.

"ఏమ్మా, ముక్కు ఇంట్లో పెట్టేసొచ్చినావా?" అందామె. "ఈడ నా బిడ్డ నీళ్లు తాగినా కక్కేస్తా ఉంటే, ఏమీ లేదంటావే."

"ఆఫీసర్లకి ఫ్యాను కింద ముక్కు ఆరిపోతాదిలే అక్కా," అని పక్కనున్న మరొకామె అనేసరికి అందరూ నవ్వారు.

స్థలం తగాదాలకు ఆరోగ్యం ముసుగు వేసే ఫిర్యాదులు కోర్టులో ఎన్నో చూసినదాన్ని కనుక ఇదీ అటువంటిదేనని తీర్మానించుకున్నాను. వాళ్ల నోళ్లు మూయించడానికే, సీసపు లవణం పట్టించిన కాగితపు ముక్కను సంచిలోంచి తీసి, తడిపి, గాలికి పట్టాను. కుళ్లు కంపుకు మూలమైన వాయువు ఉంటే అది నల్లబడుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. నా వేళ్ల మధ్యనే అది గోధుమరంగుకు తిరిగి, చూస్తుండగానే నల్లబడింది. మందు పాడైందేమోనని మరో ముక్క తడిపి, మూత బిగించిన సీసాలో ఉంచాను. అది తెల్లగానే ఉంది. బయట పట్టిన మూడోది మళ్లీ నల్లబడింది. నా ముక్కుకు మాత్రం అప్పటికీ ఏమీ తెలియలేదు.

ఆ సాయంత్రం మా ఇంటి కిటికీకీ ఒక కాగితం కట్టాను. తెల్లారేసరికి అదీ రంగు తిరిగింది. "ఏందే ఆ నల్లముక్క? తీసెయ్, చూసినోళ్లు చేతబడి అనుకుంటారు," అని అమ్మ విసుక్కుంది. వాసన వస్తోందా అని అడిగితే, "వాసనేందే ఈడ," అని నన్నే ఎగాదిగా చూసింది.

నల్లబడ్డ కాగితాల ఆధారంతో మూసివేత ఉత్తర్వు ఇప్పించాను. షెడ్డు యజమాని అప్పీలుకు వెళ్లాడు. అతని తరఫున నిలిచినది నాకు పని నేర్పిన సీనియరే. ఆయన ఎంతో మర్యాదగా ఒక్కటే ప్రశ్న వేశారు, తనిఖీ రోజున అధికారిణిగారికి స్వయంగా వాసన వచ్చిందా అని. రాలేదన్నాను. నేను కూవం ఒడ్డున పుట్టిన మనిషిననీ, ఈ విషయంలో నా ముక్కు సాక్ష్యానికి పనికిరాదనీ కూడా చెప్పాను గాని, మొదటి మాట విన్నాక రెండోది ఎవరూ వినలేదు. స్టే వచ్చింది. వరండాలో ఆ కూలీ తల్లి నన్ను ఆపి, "వాసనొచ్చిందని ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయేదమ్మా?" అని అడిగింది. పిల్లను అత్తారింటికి పంపేసి, కాన్పు అక్కడే జరిపించుకున్నారని తర్వాత తెలిసింది.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. షెడ్డు ఉడుకుతూనే ఉంది. నేను వీలైనప్పుడల్లా వెళ్లి కాగితాలు పట్టి నమోదు చేస్తూనే ఉన్నాను. చివరికి ఆ ఆధారాలే నిలిచి స్టే రద్దయ్యాక, షెడ్డుకు సీలు వేయడానికి వెళ్తూ ఈ శుభవార్త ముందుగా ఆ తల్లికే చెబుదామని ఆమె ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"ఇప్పుడేం వాసన రాలేదు కదమ్మా. వాళ్లే ఏదో మార్చుకున్నారు, పోనీలే," అంది.

ఎవరైనా బెదిరించారా అని గొంతు తగ్గించి అడిగాను. తనను బెదిరించేవాడు ఇంకా పుట్టలేదని నవ్వింది. ఇరుగుపొరుగునూ అడిగాను. ఒకప్పుడు నన్ను ఎగతాళి చేసిన నోళ్లన్నీ అదే మాట చెప్పాయి. అంతలో లోపలి గది గుమ్మంలోకి, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆ కూతురు వచ్చింది. రెండో కాన్పుకని అంతకు ముందురోజే అత్తారి ఊరు తిరుత్తణి నుంచి వచ్చిందట.

"అమ్మా, తలుపెయ్యి, తట్టుకోలేకపోతా ఉండా."

"కడుపుతో ఉండేదానికి అన్నీ వాసనేలేమ్మా," అని తల్లి నాతో అంది. "మొదట్నుంచీ దీనిది ఇదే గోల."

ఏ బిడ్డ కోసం కోర్టు వరండాలో నన్ను నిలదీసిందో, ఆ బిడ్డ మాటనే ఆమె కొట్టిపారేస్తోంది. నేను ఒక కాగితం తడిపి మా ముగ్గురి మధ్యా పట్టాను. నల్లబడింది. ఆమె కాగితాన్ని చూసింది, కూతురిని చూసింది, తర్వాత మెల్లగా చెయ్యెత్తి, ఉందో లేదో చూసుకుంటున్నట్టు తన ముక్కును తడుముకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

షెడ్డు ఆ పూటే మూతపడింది. గాలి తేటపడ్డాక కూడా ఆమెకు తేడా తెలియలేదు. రోజూ కూతుర్నే, "పోయిందా?" అని అడిగి తెలుసుకునేదట.

ఇప్పుడు కూడళ్లలో స్తంభాలకు గాలిని కొలిచే యంత్రాలు బిగించారు, అంకెలు వెలుగుతుంటాయి. యంత్రానికి అలవాటుపడటం తెలియదు గనుక, కొలిచి చూడనిదే దేన్నీ నమ్మని నాబోటివారు సంతోషించవలసిన మాటే. అయితే అధికారి చెయ్యి పట్టి తన ఇంట్లోకి లాక్కెళ్లి, ముక్కు ఎక్కడ పెట్టొచ్చావని నిలదీసే మనుషులు ఇప్పుడెక్కడా కనబడరు. నా తర్వాత ఆ కుర్చీల్లోకి వచ్చినవారు అప్పుడప్పుడు పలకరించడానికి వచ్చి, ఫలానా వీధి నుంచి ఫిర్యాదులు పూర్తిగా తగ్గిపోయాయని సంతోషంగా చెబుతారు. వింటుంటే తన ముక్కును తడుముకున్న ఆ తల్లే గుర్తొస్తుంది. ఆ వీధికి ఈమధ్య కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లను అడిగి చూశారా అంటాను. పెద్దావిడ చాదస్తమనుకుని కాఫీ తాగి వెళ్లిపోతారు.